చీకట్లో లాంగ్ రన్: బండి నడిపేవాళ్ళ కంట పడేలా తయారవడం ఎలా?

తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తేవాళ్ళందరికీ ఒక భ్రమ ఉంటుంది. ఎదురుగా వచ్చే బండి లైటు అర కిలోమీటరు నుంచే కనబడుతుంది కదా, అలాగే ఆ బండి మీద ఉన్నవాళ్ళకి మనమూ కనబడుతూనే ఉంటామని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

ఫుల్ మారథాన్‌కి, అంటే 42.195 కిలోమీటర్లకి, తయారవుతున్న మొదటి డిసెంబరు అది. ఆ తయారీలో భాగంగా లాంగ్ రన్‌కి, అంటే దూరపు పరుగుకి బయల్దేరి, విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కృష్ణ ఒడ్డున కరకట్ట రోడ్డు ఎక్కాను. టైము అయిదుంపావు. ఒంటి మీద నేవీ బ్లూ టీషర్టు, నల్ల ప్యాంటు. ఎదురుగా పాల బైకు వస్తోంది. లైటు వేసే ఉంది. చూస్తూనే ఉన్నాను, పక్కకి జరుగుతాడులే అనుకున్నాను. జరగలేదు. వెనక సీటుకి అటూ ఇటూ వేలాడదీసిన పాల క్యాను నా మోచేతిని గీరుకుంటూ పోయింది. ఆయన బండి ఆపి, దిగి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఒట్టమ్మా, నాకు కనబళ్ళేదు" అన్నాడు. నాకంటే ఆయన చేతులే ఎక్కువ వణుకుతున్నాయి. ఊడిపోయిన క్యాను మూత పెట్టబోతే రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నేనే పట్టుకుని పెట్టాను.

తప్పు ఆయనది కాదు. లెక్క చూడండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి సెకనున్నర అనుకుంటే, అక్కడికే 25 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి బండి ఆగడానికి ఇంకో 20. మొత్తం 45 మీటర్లు. లైటు డిమ్‌లో ఉంటే, ముదురు రంగు బట్టల్లో ఉన్న మనిషి కనబడేది సుమారు 30 మీటర్ల నుంచి. అంటే ఎంత జాగ్రత్తగా నడిపే మనిషికైనా మీరు కనబడేసరికే ఆలస్యం అయిపోయింది. అదే వెలుగుని తిప్పికొట్టే రేడియం పట్టీ ఉంటే వంద మీటర్ల పైనుంచే తెలుస్తుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ తేడాని మీ వైపు తిప్పుకోవడం గురించే.

1. ముందుగా మీరెంత కనబడుతున్నారో మీరే చూసుకోండి

ఏమీ కొనక ముందు ఈ పని చేయండి. రాత్రి ఎనిమిది తర్వాత, వీధి లైట్లు సరిగా లేని సందు ఒకటి చూడండి. తమ్ముడినో, మీ ఆయన్నో బైకు మీద కూర్చోబెట్టి డిమ్ లైటు వేయించండి. మీరు రోజూ పరిగెత్తే బట్టల్లోనే దూరంగా నడుచుకుంటూ వెళ్ళండి. "ఇక కనబడట్లేదు" అని కేక వేసిన చోట ఆగి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి రండి. తర్వాత స్థానాలు మార్చుకోండి. బైకు మీద మీరు కూర్చుని, మీ టీషర్టు వాళ్ళకిచ్చి పంపండి. మనకి తెలిసిన మనిషి, అక్కడే ఉన్నాడని తెలిసిన మనిషి, నలభై అడుగులు వేసేసరికి గోడలో కలిసిపోతాడు. అది ఒక్కసారి చూసినవాళ్ళు మళ్ళీ నల్ల బట్టలు వేసుకుని రోడ్డెక్కరు.

2. బట్టలు, రేడియం

రెండు రకాల మెరుపులున్నాయి, వాటిని కలిపేయకండి. చిలకాకుపచ్చ, నిమ్మపండు రంగు, ముదురు నారింజ లాంటి ఫ్లోరోసెంట్ రంగులు తెల్లవారిన తర్వాత, మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం వెలుగు తగ్గేటప్పుడు బాగా పనికొస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలని కంటికి కనబడే వెలుగుగా మార్చడమే వాటి గొప్పతనం. సూర్యుడే లేనప్పుడు ఆ గొప్పతనమూ ఉండదు, తెల్లవారుజామున నాలుగున్నరకి ఉండే చీకట్లో అది మామూలు లేతరంగు చొక్కా, అంతే. చీకట్లో పని చేసేది రెండో రకం, మన ఊళ్ళో రేడియం అని పిలిచేది. దానిలో నిజంగా రేడియం ఏమీ ఉండదు. సన్నటి గాజు పూసలో, బుల్లి పట్టకాలో ఉంటాయి. అవి పడిన వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపిస్తాయి. అందుకే బండి నడిపేవాళ్ళ కంటికి అది లైటు వెలిగినట్టు కనబడుతుంది, పక్కన నిలబడ్డవాళ్ళకి బూడిదరంగు పట్టీలాగే ఉంటుంది. కొనేటప్పుడు ఫోను కెమెరా ఫ్లాష్ వేసి ఫొటో తీయండి. ఫొటోలో పట్టీ తెల్లగా భగ్గుమంటే మంచిది. మసగ్గా ఉంటే వదిలేయండి.

ఎరుపు రంగు గురించి ఒక మాట. పగలు ఎరుపు కొట్టొచ్చినట్టు ఉంటుంది, కానీ మసక వెలుతురులో మన కంటికి అన్నిటికంటే ముందు నల్లబడేది అదే. దీక్ష విరమణ రోజుల్లో ఎర్రబట్టలతో, చెప్పుల్లేకుండా రాత్రంతా హైవే అంచున దుర్గమ్మ దగ్గరికి నడిచి వచ్చే భవానీలని చూసినప్పుడల్లా నాకు గుండె జారుతుంది. మీ ఇంట్లో ఎవరైనా మాల వేసుకుంటే, వాళ్ళ సంచికీ ఇరుముడికీ ఒక్కో రేడియం ముక్క అతికించి పంపండి.

పట్టీ ఎక్కడ ఉండాలన్నది ఎంత పెద్ద పట్టీ అన్నదానికంటే ముఖ్యం. గుండె మీద మాత్రమే మెరిస్తే దూరం నుంచి అది బోర్డో, ఆగి ఉన్న బండో, ఏదైనా కావచ్చు. చీలమండల దగ్గర, మోకాళ్ళ దగ్గర, మణికట్ల దగ్గర పట్టీలు ఉంటే అవి పైకీ కిందకీ ఊగుతాయి. ఆ ఊపుని చూసి మెదడు ఒక్క క్షణంలో "మనిషి" అని పోల్చుకుంటుంది. కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే ఖరీదైన జాకెట్ కంటే ముందు రెండు చీలమండ పట్టీలు కొనండి. ఆటోనగర్‌లో లారీలకి అతికించే రేడియం టేపు దొరుకుతుంది, హార్డ్‌వేర్ షాపుల్లో సేఫ్టీ జాకెట్లు దొరుకుతాయి. తెల్లవారకముందే బందరు రోడ్డు ఊడ్చే పారిశుధ్య కార్మికులు వేసుకునేవి అవే. చీపురు కనబడకముందే, మనిషి ఆకారం తెలియకముందే, ఆ రెండు అడ్డపట్టీలు కనబడతాయి. పరుగుకి ఆ జాకెట్ కాస్త ఉక్కగా ఉంటుంది, ఉండనీయండి. పక్కల కత్తిరించి నాడాలు కుట్టించుకుంటే గాలి ఆడుతుంది.

చెమట, మట్టి, వాషింగ్ మెషీన్ ఈ మూడూ రేడియాన్ని తినేస్తాయి. చేత్తో ఉతకండి, ఇస్త్రీ పెట్టెని దాని దరిదాపులకి రానీయకండి. రెండు నెలలకోసారి ఫ్లాష్ ఫొటో తీసి చూసుకోండి.

3. లైట్లు

రేడియం వెలగాలంటే దాని మీద బండి లైటు పడాలి. మన రోడ్ల మీద లైటు లేకుండా తిరిగే బండ్లు ఎన్నో మీకు తెలుసు. అందుకే మీ దగ్గర సొంత వెలుగు కూడా ఉండాలి. వెనక నడుముకి సైకిళ్ళకి పెట్టే ఎర్రలైటు, మిణుకుమిణుకుమనేది. ముందు తెల్లలైటు. తలకి కట్టుకునే టార్చి కంటే నడుము దగ్గరో చేతిలోనో ఉన్న టార్చి నాకు నచ్చుతుంది. వెలుగు కింది నుంచి ఏటవాలుగా పడితే గుంతకి నీడ వస్తుంది, లోతు తెలుస్తుంది. తల మీది నుంచి పడితే గుంత కూడా చదునుగా కనబడి కాలు మడత పడుతుంది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి మాత్రం ఎప్పుడూ కొట్టకండి.

4. దారిని చీకటి, వెలుతురుగా పంచుకోండి

ఇది నేను అందరికంటే గట్టిగా చెప్పే మాట. లాంగ్ రన్ అంటే చాలామంది ఇంటి నుంచి దూరంగా పోయి తిరిగి రావడం అనుకుంటారు. దాంతో వీధి లైట్లు లేని చోటికి సరిగ్గా చీకట్లోనే చేరతారు, లైట్లున్న ఊళ్ళోకి తెల్లారాక వస్తారు. దాన్ని తిరగేయండి.

ఉదాహరణకి డిసెంబరులో 30 కిలోమీటర్లు పరిగెత్తాలి. కిలోమీటరుకి 7 నిమిషాల పేస్ అయితే మూడున్నర గంటలు. నాలుగున్నరకి మొదలుపెడితే ఎనిమిదికి అవుతుంది. ఆ నెలలో మనకి సూర్యోదయం ఆరున్నర అటూ ఇటూ, ఆరూ అయిదుకల్లా మనిషి ముఖం తెలిసేంత వెలుతురు వస్తుంది. అంటే మొదటి గంటన్నర, సుమారు 13 కిలోమీటర్లు, చీకటి పరుగు. ఆ 13 కిలోమీటర్లూ స్టేడియం చుట్టుపక్కల, మీ కాలనీలో, వీధి లైట్లున్న లోపలి రోడ్లలో చుట్లు కొట్టండి. విసుగే, ఒప్పుకుంటాను. కానీ మంచినీళ్ళు దగ్గర, బాత్‌రూమ్ దగ్గర, మనుషులు దగ్గర. వెలుతురు వచ్చాక మిగతా 17 కిలోమీటర్లకి బ్యారేజీ దాటి కరకట్ట ఎక్కండి. వేసవిలో అయిదున్నరకే తెల్లవారుతుంది కాబట్టి చీకటి వాటా తగ్గుతుంది, కానీ ఎండ వాటా పెరుగుతుంది.

ఒక్కో దారికీ ఒక్కో గుణం. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్ల పైచిలుకు, పోయి వస్తే రెండున్నర. గాలి బాగుంటుంది, చాలామందికి ఇష్టమైన చోటు. కానీ ఇరుకు. తెల్లవారాక బైకులు, ఆటోలు పెరిగితే మీరు తప్పుకోవడానికి చోటుండదు. కాబట్టి అక్కడ వేగం పెంచే పరుగు పెట్టుకోవద్దు. కరకట్ట చెట్ల నీడతో చల్లగా ఉంటుంది, కానీ మలుపులెక్కువ, రోడ్డు సన్నం, పెనుమాక వైపు నుంచి అరటి గెలల ట్రాలీలు, కూరగాయల ఆటోలు తెల్లవారకముందే బయల్దేరతాయి. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం వైపు హైదరాబాద్ హైవే మీద మాత్రం తెల్లవారుజామున అసలు పరిగెత్తకండి. రాత్రంతా నడిపి, తెల్లారేసరికి బెజవాడ చేరాలని తొందరపడే ట్రావెల్స్ బస్సులు, నిద్రమత్తులో ఉన్న లారీలు అప్పుడే వస్తాయి. చెన్నై, కోల్‌కతా హైవేకి ఇదే మాట. కనకదుర్గ ఫ్లైఓవర్ మీదకి కూడా ఎక్కొద్దు. అది బండ్లకి కట్టింది, ప్రమాదం వస్తే పక్కకి దూకడానికి నేల లేదు.

గుంటూరు వాళ్ళకి అమరావతి రోడ్డు అలవాటు. ఫిబ్రవరి నుంచి మిర్చి సీజన్‌లో యార్డుకి వెళ్ళే లారీలు, ట్రాక్టర్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. ఆ నెలల్లో యార్డు వైపు దారులన్నీ వదిలేసి లోపలి రోడ్లు చూసుకోండి.

5. ఏ పక్కన పరిగెత్తాలి

మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి. కాబట్టి ఫుట్‌పాత్ లేని చోట మీరు కుడి పక్కన, వచ్చే బండికి ఎదురుగా పరిగెత్తాలి. కరకట్ట మీద ఉండవల్లి నుంచి అమరావతి వైపు వెళ్ళేటప్పుడు నది పక్కన ఉంటారు, తిరిగి వచ్చేటప్పుడు పొలాల పక్కన. అలా గుర్తుపెట్టుకుంటే అలసటలోనూ తప్పు పోదు.

అంతటితో అయిపోతే బాగుండేది. మన దగ్గర రాంగ్ రూట్ ఉంది. రాంగ్ రూట్‌లో వచ్చే బైకు రోడ్డు అంచు పట్టుకుని వస్తుంది, అంటే సరిగ్గా మీరున్న చోటుకి, అదీ మీ వెనక నుంచి. ఎదురుగా వచ్చే బండ్లని చూస్తున్నాం కదా అనే ధీమాలో వెనక మర్చిపోతాం. అందుకే ఎర్రలైటు వెనక పెట్టమన్నాను. నిమిషానికోసారి భుజం మీదుగా వెనక్కి చూడటం అలవాటు చేసుకోండి. ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక చెవుల్ని నమ్ముకుని లాభం లేదు, అవి పక్కకి వచ్చేదాకా చప్పుడే చేయవు. ఇక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చీకట్లో పరిగెత్తడం గురించి నేను సర్దుకుపోలేను. వద్దు. ఒక చెవిలో కూడా వద్దు. పాట కావాలంటే తెల్లారాక, పార్కులో.

మలుపు కుడివైపుకి తిరిగి, అవతల ఏముందో కనబడకపోతే, మలుపు రాకముందే ఆగి, రెండు వైపులా చూసి ఎడమ పక్కకి దాటండి. మలుపు అయ్యాక మళ్ళీ కుడికి రండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం పరుగు ఆపేయండి. అరనిమిషం పోతే మీ టైమింగ్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు.

6. లైటు కళ్ళలో కొట్టినప్పుడు

ఎదురుగా హైబీమ్ వస్తే దాని వైపు చూడకండి. చూపు దించి మీ కుడిచేతి పక్కన రోడ్డు అంచుని చూడండి, నడకలోకి రండి, మార్జిన్‌లోకి దిగండి. బండి దాటిపోయాక కూడా కొన్ని సెకన్లు కళ్ళకి ఏమీ తెలియదు, ఆ సెకన్లలోనే గుంతలో కాలు పడేది.

ఒంటిలైటు బండితో మరీ జాగ్రత్త. ఒక్కటే లైటు కనబడితే బైకు అనుకుని కాస్త పక్కకి జరిగి ఊరుకుంటాం. అది ఒక లైటు మాడిపోయిన ట్రాక్టరో, ఆటోనో కావచ్చు. వెలుగుతున్నది అవతలి పక్క లైటయితే, బండి మీరు అనుకున్న దానికంటే నాలుగడుగులు మీ వైపుకే ఉంటుంది. సంక్రాంతి ముందు వరిగడ్డి ట్రాక్టర్లయితే గడ్డి రెండు పక్కలా రోడ్డంతా పరుచుకుని వస్తుంది. ఒంటిలైటు ఏది కనబడినా లారీ వస్తోందనుకుని రోడ్డు దిగిపోండి. మంచు పట్టిన రోజుల్లో, భోగి పొగ రోడ్డు మీదకి దిగినప్పుడు, ఏడు దాకా ఆగండి, లేదా ఆ రోజు కాలనీ దాటకండి.

7. కుక్కలు

కుక్క వెంటపడితే వేగం పెంచకండి. ఆగండి, దాని వైపు తిరిగి, మెల్లగా వెనక్కి నడవండి. మనం భయపడి ఒక్కసారి రోడ్డు మధ్యలోకి దూకడమే అసలు ప్రమాదం, కుక్క కాటు కంటే వెనక వచ్చే బండి ప్రాణాంతకం. కరిచినా, గోరు గీరినా, ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి, చెప్పిన డోసులన్నీ పూర్తి చేయండి.

8. ఒళ్ళు తూలకుండా

ఎండదెబ్బ కూడా రోడ్డు ప్రమాదమే. ఒళ్ళు తూలినవాళ్ళు తెలియకుండానే రోడ్డు మధ్యకి జరుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో లాంగ్ రన్‌ని రెండు ముక్కలు చేసుకోండి. గంట దాటే పరుగుకి ఉత్త నీళ్ళే పట్టుబట్టి తాగకండి, ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళలో కలిపి పట్టుకెళ్ళండి. తల తిరిగినా, ఒళ్ళు గగుర్పొడిచినా, మాట తడబడినా ఆ రోజు పరుగు అక్కడితో ఆపేయాలి. నీడలో కూర్చుని ఒంటి మీద నీళ్ళు పోసుకుని ఫోన్ చేయండి.

9. ఇంట్లో చెప్పి, గుర్తులు పెట్టుకుని

వెళ్ళే దారి, తిరిగొచ్చే టైము రాత్రే ఒకరికి చెప్పండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టేటప్పుడు ఎనిమిది గంటలది ఎంచుకోండి. గంట పెడితే మీరు ఊరు దాటేసరికి ఆగిపోతుంది. పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ళ నంబరు రాసిన చిన్న కార్డు లామినేషన్ చేయించి జేబులో వేసుకోండి. అంబులెన్స్‌కి 108, ఏ అత్యవసరానికైనా 112. దారిలో ఎవరైనా పడిపోయి కనబడితే కేసులకి భయపడి వెళ్ళిపోకండి. సాయం చేసినవాళ్ళని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు.

ఆడపిల్లలకి ఇంకో రెండు మాటలు. రోజూ ఒకే టైముకి ఒకే దారిలో వెళ్ళకండి, పరిగెత్తిన మ్యాపులో ఇంటి గుమ్మం అందరికీ కనబడేలా పెట్టకండి. ఎవరైనా బండి స్లో చేసి వెంట వస్తుంటే, వెనక్కి తిరిగి బండి వచ్చిన వైపుకే పరిగెత్తండి. బండి తిప్పుకోవడానికి టైము పడుతుంది, ఆలోగా టీకొట్టో, పాలబూతో చేరుకోవచ్చు. తెల్లవారుజామున వెలుగూ మనుషులూ ఉండే చోట్లు ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోండి.

నలుగురు కలిసి వెళ్తే చీకట్లో పక్కపక్కన వద్దు, ఒకరి వెనక ఒకరు. ముందున్నవాళ్ళు "బండీ!" అని, చివరివాళ్ళు "వెనక బండీ!" అని కేక వేయాలి. ఎక్కువ మెరిసే జాకెట్ చివరి మనిషికివ్వండి. వేగం తక్కువని కొత్తవాళ్ళు చివరికి పోతారు, కాబట్టి అనుభవమున్న ఒకరు వాళ్ళ వెనక పరిగెత్తాలి.

ఇంటికి రాగానే పట్టీలు తడిగుడ్డతో తుడిచి ఆరేయండి, లైట్లు చార్జింగ్‌కి పెట్టండి. వాటన్నిటికంటే ముందు, షూ విప్పకముందే, లొకేషన్ పంపినవాళ్ళకి "వచ్చేశాను" అని మెసేజ్ పెట్టండి. మా అత్తగారు ఆ మాట చూసుకున్నాకే కాఫీకి పాలు పొయ్యి మీద పెడతారు.